పంటకోసారి పెరిగే కంప్యూటర్ కొనండి, లైట్ల డబ్బా కాదు



జూన్, జులై వచ్చిందంటే మనకు రెండు ఖర్చులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి విత్తనాలు, ఎరువులు. రెండోది పిల్లల కాలేజీ. ఆ రెండో ఖర్చులో ఇప్పుడు కంప్యూటర్ కూడా చేరింది. పాలిటెక్నిక్ అయినా, డిగ్రీ అయినా, బీటెక్ అయినా ఇంట్లో ఒక మిషన్ లేకపోతే పిల్లలు వెనకబడుతున్నారు. కొనక తప్పదు. ఎట్లా కొనాలన్నదే ఈ పోస్టు. కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిక పట్టి చదవండి.

నా మాట ముందే చెప్తా. జీతగాళ్ళకు డబ్బు నెలనెలా వస్తది. మనకు పంటకోసారి వస్తది, ఒక్కో ఏడు అదీ రాదు. అందుకే మన ఇంటి కంప్యూటర్ కూడా పంటకోసారి కొంచెం కొంచెం పెరిగేటట్టు ఉండాలి. అన్నీ ఉన్నది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఒకేసారి కొనొద్దు. పునాది గట్టిది తీసుకొని, మిగతావి చేతిలో డబ్బు ఆడినప్పుడు తగిలించుకోవాలి. దానికి విడిభాగాలు ఏరుకొని బిగించుకునే డెస్క్‌టాప్ మించింది లేదు.

ల్యాప్‌టాప్ వద్దని కాదు. పిల్లలు హాస్టల్లో ఉంటే ల్యాప్‌టాపే కొనండి, అక్కడ డెస్క్‌టాప్ పెట్టే జాగా ఉండదు. కానీ ఇంటి నుంచి బస్సులో పోయి వచ్చే పిల్లలైతే, ఒక మిషన్ మీద ఇద్దరు ముగ్గురు చదువుకునే ఇల్లైతే డెస్క్‌టాప్ మేలు. ఒక భాగం పోతే ఆ ఒక్కటే మార్చుకుంటాం. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చే వీలుండదు, ఇప్పుడు చాలా వాటిలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించి వస్తున్నది.

బోరు వేయించేటప్పుడు మనం ముందు ఏం చూస్తాం? కేసింగ్ సైజు. నాలుగించుల కేసింగ్ దించాక ఆరించుల మోటారు కావాలంటే దిగదు, మళ్ళీ కొత్త బోరే. కంప్యూటర్‌లో మదర్‌బోర్డు అట్లాంటిది. దాని మీద ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఆ సాకెట్ ఏదన్నదాన్ని బట్టే రేపు ఎంత పెద్ద ప్రాసెసర్ పెట్టుకోగలమో తేలుతుంది. షాపులో ఎవరూ ఈ మాట చెప్పరు. అద్దాల డబ్బా, అందులో రంగురంగుల ఫ్యాన్లు, పైన ఐ7 అనే స్టిక్కరు చూపిస్తారు.

పక్క ఊరి ఆయన ఒకరు అట్లాగే పట్నంలో ఒక షాపులో కొడుక్కి ఐ7 కొన్నాడు. ఇంటికొచ్చాక చూస్తే అది ఐ7-3770. అంటే మూడో తరం, 2012లో వచ్చింది. దాంట్లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100లో కూడా 4 కోర్లు, 8 థ్రెడ్లే, కానీ పనిలో ఆ పాత ఐ7ను దాటిపోతుంది. ఐ3నా, ఐ7నా అన్నదొక్కటే చూస్తే చాలదు, తరం చూడాలి. ఐ7 పక్కన ఉన్న నంబరు 3770 అని ఉంటే మూడో తరం, 12100 అని ఉంటే పన్నెండో తరం. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ పాత బోర్డులో ర్యామ్ డీడీఆర్3, ఇప్పటి ర్యామ్ అందులో పట్టదు. ఆయన పెట్టిన డబ్బుకు పెరిగే దారే లేదు. నాలుగించుల కేసింగ్ అంటే ఇదే.

మరి ఏ సాకెట్ తీసుకోవాలి? ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ చూడండి. రైజెన్ ప్రాసెసర్లు దాని మీద 2017లో మొదలైనయి. అప్పటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేసి 2022లో వచ్చిన ప్రాసెసర్ కూడా పెట్టుకున్నారు. ఒకే బోర్డు మీద అయిదేళ్ళ ఎదుగుదల. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1700 సాకెట్ మీద 12, 13, 14 తరాలు వచ్చినయి, ఆ తర్వాత 2024లో సాకెట్ మారింది. 2022లో వచ్చిన ఏఎం5ను 2027 వరకు, ఆ తర్వాత కూడా నడిపిస్తామని ఏఎండీ కంపెనీ చెప్పింది.

నా అభిప్రాయం ఇది. డబ్బు కొంచెం సర్దుకోగలిగితే ఏఎం5 బోర్డు తీసుకోండి, ముందుకు దారి ఎక్కువ. దాని మీద రైజెన్ 5 8500జీ లాంటిది పెడితే చాలు. చేతిలో బిగువుగా ఉంటే ఏఎం4 బోర్డు, రైజెన్ 5 5600జీ. అందులో 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉంటాయి. ఏఎం5కి డీడీఆర్5 ర్యామ్ కావాలి, ఏఎం4కి డీడీఆర్4 సరిపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కినయి కాబట్టి రెండు లెక్కలూ కొనే రోజే వేయించుకొని చూడండి.

పేరు చివర ఉన్న జీ అక్షరం గుర్తు పెట్టుకోండి. అది ఉంటే బొమ్మ చూపించే గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్నట్టు. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనే పని లేదు. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేనట్టు, ధర తక్కువని అది తీసుకుంటే కార్డు కొనేదాకా తెర మీద ఏమీ రాదు. పిల్లల ప్రోగ్రామింగ్‌కు, ప్రాజెక్టు రిపోర్టులకు, ఆన్‌లైన్ క్లాసులకు కార్డు అక్కర్లేదు. రేపు వీడియో ఎడిటింగో, త్రీడీ డిజైనో నేర్చుకుంటానంటే అప్పుడు కొనొచ్చు, బోర్డులో స్లాట్ ఖాళీగానే ఉంటది.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. బోర్డుకు రెండే స్లాట్లుంటే 16 జీబీ స్టిక్ ఒకటి పెట్టి రెండో స్లాట్ ఖాళీ ఉంచండి. నాలుగుంటే 8 జీబీవి రెండు పెట్టుకోవచ్చు, జతగా ఉంటే వేగం కూడా పెరుగుతుంది. హార్డ్ డిస్క్ బదులు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 500 జీబీ తీసుకోండి. పాత కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ బాగుంటే పారేయకండి, ఫొటోలు దాచుకోవడానికి పనికొస్తుంది.

ఇక ఎస్ఎంపీఎస్. అందరూ మిగిలిన చిల్లరతో కొనేది ఇదే, నేను బోర్డు తర్వాత ఎక్కువ పట్టించుకోమనేదీ ఇదే. మన ఊరి కరెంటు సంగతి మనకు చెప్పాలా? వోల్టేజి ఎక్కువ తక్కువలకు మోటారు కాలినట్టే నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతుంది, పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోవచ్చు. ఈ మిషన్ మామూలుగా వాడేది 100 వాట్ల లోపే, అంటే ఒకటిన్నర సీలింగ్ ఫ్యానంత. అయినా 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, 550 వాట్లది, మంచి కంపెనీది తీసుకోండి. రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టినా అదే సరిపోతుంది. దానితోపాటు ఒక చిన్న 600 వీఏ యూపీఎస్. కరెంటు పోతే పని సేవ్ చేసుకొని ఆపుకోవడానికి టైమ్ దొరుకుతుంది. ఇంటికి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ముందే చూపించుకోండి. మూడు పిన్నుల ప్లగ్గులో మూడోది అందుకే ఉంది.

వంద రూపాయలుంటే నేనైతే ఇట్లా పంచుతా: ప్రాసెసర్‌కు 25, బోర్డుకు 18, ర్యామ్‌కు 18, మానిటర్‌కు 15, ఎస్ఎస్‌డీకి 10, ఎస్ఎంపీఎస్‌కు 9, క్యాబినెట్‌కు 5. కీబోర్డు, మౌసు, యూపీఎస్ వేరే. ధరలు మారితే ఒకటి రెండు రూపాయలు అటూ ఇటూ అవుతయి, వరస మాత్రం ఇదే. క్యాబినెట్‌కు అద్దాలు, లైట్లు వద్దు, ముందు గాలి పోయే జాలీ, దుమ్ము ఆపే ఫిల్టర్ ఉండాలి. కోతలప్పుడు మన ఇళ్ళల్లో ఎంత దుమ్ము లేస్తదో తెలుసు కదా. నెలకోసారి ఫిల్టర్ దులపాలి.

విత్తనం కొనేటప్పుడు లాట్ నంబరుతో బిల్లు ఎందుకు అడుగుతాం? మొలకరాకపోతే అడగడానికి. ఇక్కడా అంతే. ప్రతి భాగానికి సీరియల్ నంబరు వేసి జీఎస్టీ బిల్లు రాయించండి. ప్రాసెసర్ సీలు ఉన్న డబ్బాలోదే అడగండి, డబ్బాలో వచ్చేదానికి కంపెనీ వారంటీ 3 ఏళ్ళు ఉంటుంది. డబ్బా లేకుండా విడిగా ఇచ్చే ట్రే ప్రాసెసర్ వద్దు. బిల్లు లేకుండా కొంత తగ్గిస్తానంటారు. ఆ తగ్గింపు కోసం వారంటీ పోగొట్టుకున్నట్టే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినా, మీ జిల్లా కేంద్రంలో కొన్నా లిస్టు రాసుకొని పోండి, కనీసం మూడు షాపుల్లో అడగండి. లిస్టులో ఉన్న మోడల్ పేరు, డబ్బా మీది పేరు అక్షరం అక్షరం కలవాలి.

ఒక జాగ్రత్త. తర్వాత ఎప్పుడైనా పెద్ద ప్రాసెసర్ కొనే ముందు, బోర్డు కంపెనీ వెబ్‌సైటులో ఆ బోర్డుకు ఏవేవి పడతాయో లిస్టు ఉంటుంది, పిల్లలతో చూపించుకోండి. బయోస్ అప్‌డేట్ కావాలంటే ముందు అది చేయించాలి. విండోస్‌కు డబ్బు చాలకపోతే ఉబుంటు వేయండి, ఉచితం. పైథాన్, సీ, జావా అన్నీ దాని మీద నడుస్తయి, తెలుగు టైపింగ్ కూడా ఉంది.

ఆఖరుగా ఒక మాట. బిగించే పని షాపు వాళ్ళకు వదిలేయకండి. కొడుకైనా, బిడ్డైనా వాళ్ళతోనే చేయించండి, తెలిసినోళ్ళను పక్కన కూర్చోబెట్టండి. ఒక స్క్రూడ్రైవర్ చాలు. తను బిగించిన మిషన్‌లో ఏం పోయిందో తనకే తెలుస్తుంది. మోటారు పైకి తీసి మళ్ళీ దించడం చూసిన పిల్లవాడు మెకానిక్ ఎంత చెప్తే అంత నమ్మడు కదా, ఇదీ అంతే. వచ్చే ఏడు పంట బాగుంటే ఇంకో ర్యామ్ స్టిక్, ఆ పై ఏడు పెద్ద ప్రాసెసర్. పంట పోయిన ఏడు ఏమీ కొనకపోయినా మిషన్ ఆగదు, పిల్లల చదువూ ఆగదు, నెత్తి మీద కొత్త అప్పూ ఉండదు. మనలాంటోళ్ళకు కావాల్సిన కంప్యూటర్ అదీ.