తట్టు సూదిపై అపోహ వీడాలి - తల్లుల సందేహం తీర్చాలి

పసిపిల్లలకు వేసే తట్టు సూది వల్ల మాటలు రాకుండా పోతాయని, ‘ఆటిజం’ వస్తుందని ఒక ప్రచారం సెల్‌ఫోన్ల ద్వారా పల్లెల దాకా పాకింది. 2017 ఆగస్టులో తెలంగాణ అంతటా 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకాలు వేసినప్పటి నుంచి ఇటువంటి వదంతులు ఆగడం లేదు. ఇది నిజమా అని వరంగల్ జిల్లాలో ఏ తల్లి అయినా అడిగితే ఆమెను కసురుకోవడం తగదు. అడిగిన దానికి జవాబు ఉన్నది. ఆ జవాబు ఆమెకు అందకపోవడమే శోచనీయం.

ఈ పుకారు పుట్టింది బ్రిటన్‌లో. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 1998లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా - ఈ మూడింటికీ కలిపి వేసే సూదికి, ఆటిజానికి సంబంధం ఉండవచ్చునని సూచించాడు. అతను చూసింది కేవలం 12 మంది పిల్లలను. టీకా కంపెనీల మీద దావా నడుపుతున్న లాయరు నుంచి అతనికి సొమ్ము ముట్టినట్టు తర్వాత బయటపడింది. పిల్లల వివరాలు తారుమారు చేసినట్టూ తేలింది. 2010 ఫిబ్రవరిలో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నది. అదే ఏడాది మే నెలలో బ్రిటన్ వైద్య మండలి అతని పేరును డాక్టర్ల జాబితా నుంచి కొట్టివేసింది.

అయినా శాస్త్రజ్ఞులు ఆ అనుమానాన్ని తోసిపుచ్చి ఊరుకోలేదు. డెన్మార్క్‌లో 1999 నుంచి 2010 వరకు పుట్టిన 6 లక్షల 57 వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించి 2019లో ఫలితం వెల్లడించారు. సూది పడిన పిల్లల్లో ఆటిజం అధికంగా లేదు. జపాన్ వేరే కారణంతో 1993లోనే ఆ మూడింటి సూదిని నిలిపివేసింది. అటు తర్వాత కూడా అక్కడి యొకొహామా నగరంలో ఆటిజం పెరుగుతూనే వచ్చింది. సూదే కారణమైతే, సూది ఆగినప్పుడు అదీ తగ్గాలి కదా!

మరి తల్లులకు ఎందుకు అట్లా తోస్తున్నది? తట్టు-రుబెల్లా మొదటి సూది 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడవలసిందీ, ముద్దుమాటలు పలకవలసిందీ ఆ వయసులోనే. లోపం ఉంటే అది తల్లి కంట పడేదీ అప్పుడే. ముందు సూది, వెనుక దిగులు రావడంతో రెంటికీ ముడి పడుతున్నది. తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ లెక్క ఇది. నిజానికి ఆటిజం మూలాలు చాలావరకు వంశపారంపర్యంలో, కడుపులో ఉండగానే బిడ్డ మెదడు ఎదిగే తీరులో ఉన్నాయి. న్యూయార్క్‌లో 1964 ప్రాంతంలో రుబెల్లా ప్రబలినప్పుడు, గర్భంలోనే ఆ రోగం సోకిన పిల్లల్లో ఆటిజం అధికంగా కనిపించింది. అంటే ఏ సూదిని చూసి భయపడుతున్నారో, ఆ సూదే ఆటిజానికి గల ఒక కారణాన్ని అడ్డుకుంటున్నది.

తట్టు తేలికపాటి రోగం కాదు. న్యుమోనియా తెస్తుంది, చూపు పోగొడుతుంది, బలం లేని పిల్లలను బలిగొంటుంది. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2025లో తట్టు ప్రబలి, టీకా వేయించని ఇద్దరు పిల్లలు మరణించారు. పోచమ్మకు బోనం ఎత్తిన మన ఊళ్లే మశూచి టీకాలూ వేయించుకున్నాయి. 1975 తర్వాత దేశంలో మశూచి లేదు.

అయితే ప్రజల అపనమ్మకానికి అధికారుల బాధ్యత లేదనడానికి వీల్లేదు. పక్కనున్న ఖమ్మం జిల్లాలో 2009లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి, పరిశోధనలో భాగంగా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా మరో రకం టీకా వేశారు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే ఎన్నో అనుమతి పత్రాలపై సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో గగ్గోలు పుట్టి 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది కానీ అనుమతులు తీసుకున్న తీరును తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా గట్టిగా మందలించింది. చెప్పకుండా వేసిన సూది ఎన్నేళ్లకూ అనుమానంగానే మిగులుతుందనడానికి ఇదే తార్కాణం.

కనుక ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు సూది వేసే ముందే అది దేనికో చెప్పాలి. జ్వరం, ఒంటిపై దద్దు రావచ్చుననీ, అరుదుగా ఒళ్లు పడకపోవచ్చుననీ దాచకుండా తెలపాలి. సూది పడ్డాక అరగంట బిడ్డను అక్కడే ఉంచాలి. ఏదైనా తేడా వస్తే తప్పక నమోదు చేయాలి.

ఇక మాట రాని బిడ్డ సంగతి. ఏడాది దాటినా పిలుపుకు పలకకపోయినా, వేలితో చూపకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినా, ‘మేనమామకూ మాటలు ఆలస్యమే’ అని సరిపెట్టుకోరాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్లకు చూపాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఇటువంటి పిల్లల కోసమే జాతీయ సంస్థ పనిచేస్తున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని కూడా వైకల్యంగా గుర్తించింది. ఎంత తొందరగా శిక్షణ మొదలైతే అంత మేలు. సూదిని తిడుతూ, సూది వేయించిన తల్లిని నిందిస్తూ గడిపే ప్రతి నెలా ఆ బిడ్డకు నష్టమే. ఈ సంగతి ఇంటి పెద్దలు గ్రహించాలి. వైద్య సిబ్బంది ఊరూరా చెప్పాలి.