పర్సులో ఓటరు కార్డు ఉందా?

పశుపతినాథుడి దర్శనానికని నేపాల్ వెళ్తున్నారా వదినా? చీరలు తర్వాత సర్దుకోవచ్చు, ముందు ఓటరు కార్డు వెతకండి. అక్కడికి మనకు వీసా అక్కర్లేదు, నిజమే. కానీ విమానం ఎక్కాలంటే పాస్‌పోర్టయినా, ఎన్నికల సంఘం వారి ఓటరు కార్డయినా ఉండాల్సిందే. 65 దాటిన అత్తగారికీ, 15 నిండని పిల్లలకీ ఆధార్ చాలు. మనకు చాలదు!

మా ఛత్రినాకలో ఎంతమంది కోడళ్ల కార్డులు ఇంకా పుట్టింటి ట్రంకుపెట్టెలోనే ఉన్నాయో! ఆయనగారికి పాస్‌పోర్టుంటుంది, వెళ్లిపోతారు. ఆగిపోయేది మీరే. టికెట్టు మీద పేరు కూడా కార్డులో ఉన్నట్టే రాయించుకోండి, పుట్టింటి ఇంటిపేరైనా సరే.

ఖాట్మండులో రాత్రిపూట పాటలూ, బార్లూ, అంగళ్లతో ఠమేల్ మహా సందడిగా ఉంటుంది. చూడ్డానికి వెళ్తే కార్డు మీ పర్సులోనే ఉంచుకోండి, ఆయన జేబులో కాదు. ఆ జనంలో ఒకరికొకరు తప్పిపోతే? జిరాక్సు మాత్రం హోటల్లో, పెట్టె అడుగున.