పచ్చ సర్టిఫికెట్టు ఎవరి కోసం?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఈనాటి ఆఫీసు భవనాల యజమానులు దానికి ఇంకొకటి చేర్చారు: “ప్లాటినం తెచ్చి చూడు!” ప్లాటినం అంటే గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్టులో అత్యున్నత శ్రేణి. మన విద్యార్థుల భాషలో డిస్టింక్షన్ అన్నమాట. స్థలానికి, నీటికి, కరెంటుకు, గాలి వెలుతురుకు, సామగ్రికి విడివిడిగా మార్కులు వేసి క్లాసు నిర్ణయిస్తారు.

ఈ విషయంలో మన తెలుగు గడ్డకు ఘనమైన చరిత్రే ఉంది. హైదరాబాదులోని సి.ఐ.ఐ. సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో 69కి 56 మార్కులు తెచ్చుకొని, అమెరికా వెలుపల ‘లీడ్’ ప్లాటినం పొందిన మొదటి భవనమైంది. 2004 జూలైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. అందులో మాయమంత్రమేమీ లేదు. నడుమ వాకిలి, పైకప్పు మీద పచ్చిక, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు, వాడిన నీటిని మొక్కల వేళ్ళతో శుద్ధిచేసి మళ్ళీ తోటకు పారించడం. మన పాత భవంతులు చూసినవాళ్ళకు ఇందులో సగం తెలిసిన విద్యే!

మరి నా అభ్యంతరమేమిటి? కొత్త భవనానికి మార్కులు నక్షా చూసి, కట్టడం పూర్తయ్యేనాటికి వేసేస్తారు. కరెంటు పొదుపును కూడా కంప్యూటర్లో గీసిన ఒక ఊహాభవనంతో పోల్చి లెక్కకడతారు. ఆ తర్వాత అది నిజంగా ఎన్ని యూనిట్లు కాలుస్తున్నదో, ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు తెప్పించుకుంటున్నదో జనానికి చెప్పేవాళ్ళు అరుదు. నడుస్తున్న భవనాలకు వేరే పరీక్ష ఉన్నది గాని, రాయడం మానడం యజమాని ఇష్టం. ఎంట్రన్సులో ర్యాంకు వస్తే డిగ్రీ ప్యాసైనట్టేనా?

ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకొని, 2030 గడువు విధించుకున్నది. కంపెనీల వార్షిక నివేదికల్లో ఆ రంగురంగుల గళ్ళు మెరుస్తుంటాయి. వాటిలో 6వది నీరు, 11వది నగరాలు. ఇవి ఒక ప్రహరీగోడ లోపల సాధించే పనులా?

మన ఊరి సంగతే తీసుకుందాం. 2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు ప్రారంభమైనయి. ఇంకా రావాలె. మన పిల్లలు హైదరాబాదు బస్సెక్కకుండా ఇక్కడనే కొలువు చెయ్యాలె. కాని కాకతీయులు చెరువుకు చెరువును గొలుసుకట్టిన నేల ఇది. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన కాలనీలు మునిగినప్పుడు నాలాల మీది ఆక్రమణలు ఎంత పని చేసినయో అందరం చూసినం. నాలా మూసి కట్టిన మేడమీద గడ్డి పెంచితే అది పచ్చని భవనమవుతుందా?

నేను అడిగేవి రెండే. నీటి దారి విడిచిపెట్టిన తర్వాతనే ఏ మార్కులైనా లెక్కకు రావాలి. మన ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టినట్టే, ప్రతి పెద్ద ఆఫీసు తన ఏడాది కరెంటు, నీళ్ళ లెక్క గేటుకు తగిలించాలి. రేపు ఆ ఆఫీసుల్లో కూర్చోబోయేది మనమే. అడగాల్సిందీ మనమే!