గురి తప్పినవాడి మీద పేడనీళ్ళు

మా ఇంట్లోకి తుపాకీ వచ్చింది. మీరు కంగారు పడకండి, గాలితో పేలే ఎయిర్ రైఫిలే. కానీ కార్తీక మాసంలో ఒక రోజు మా మరిది పొడుగాటి అట్టపెట్టె ఒకటి తెచ్చి హాల్లో పెట్టి "వదినా, చూడు" అనేసరికి, నా చేతిలో ఉన్న చిక్కుడుకాయల చేట జారిపోయింది.

మాది అరకు. నాది కిందనున్న ఎస్.కోట వైపు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళ కిందట కొండెక్కాను. మా అత్తగారిది డుంబ్రిగూడ వైపు చిన్న కొండపల్లె. మాకిద్దరు పిల్లలు. అమ్మాయికి పదహారు, అబ్బాయికి పదమూడు. ఈ రైఫిల్ అబ్బాయి కోసమని మా మరిది కొన్నాడు. "వీడు ఎప్పుడు చూసినా ఫోనులో తుపాకీ ఆటలే ఆడుతున్నాడు. అదేదో నిజంగా నేర్చుకుంటే ఒక క్రీడ అవుతుంది" అన్నది ఆయన వాదన. తప్పు వాదన కాదు. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కాంస్యం తెచ్చాడు. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు గెలిచింది. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. అవన్నీ చెప్పాక నేను కాదనలేకపోయాను. తక్కువ శక్తి ఉన్న ఈ 4.5 మిల్లీమీటర్ల రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు కూడా అక్కర్లేదట. లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్త అక్కర్లేదని కాదని నాకు తర్వాత తెలిసొచ్చింది.

మా వారికి మాత్రం దాని లీవరు చూడగానే చిన్నతనం గుర్తొచ్చింది. 'మోసగాళ్ళకు మోసగాడు' సినిమాలో కృష్ణగారు గుర్రం మీద టకటకా కాల్చేది తలుచుకుని మురిసిపోయారు. ఆ కౌబాయ్ రైఫిళ్ళలో ట్రిగ్గర్ కింద ఉండే లీవరు ఒకసారి ఆడిస్తే పేలిన తూటా ఖోలు బయటికి ఎగిరి, కొత్త తూటా లోపలికి వెళ్తుంది. మాది అలాంటిది కాదు. దీనికి గొట్టం కింద పొడుగ్గా ఒక లీవరు ఉంటుంది. దాన్ని కిందికి బలంగా లాగితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఒక్కో గుండుకీ ఒక్కోసారి లాగాలి. టకటకా కుదరదు.

ఒక ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాం. పొలాల్లో వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. ఎదురుగా పైకొచ్చే పిక్నిక్ బళ్ళు, దిగువకి మేము. విశాఖలో ఒక రైఫిల్ క్లబ్బులో మాటాడుకుని పెట్టాడు మా మరిది. పెరట్లో సీసాల మీద కాల్చి నేర్చుకుంటానంటే వీల్లేదని నేను పెట్టిన షరతు అది. ఆ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకోవచ్చు.

అక్కడి కోచ్ గారు మొదటి అరగంట తుపాకీ ముట్టుకోనివ్వలేదు. నాలుగు మాటలు పిల్లల చేత పదే పదే చెప్పించారు. ఏ తుపాకీనైనా లోపల గుండు ఉన్నట్టే చూడాలి. గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిప్పకూడదు. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. గురిని మాత్రమే కాదు, గురి వెనక ఏముందో కూడా చూసుకోవాలి. 

తర్వాత లీవరు సంగతి. లాగిన లీవరుని ఒక చేత్తో గట్టిగా పట్టుకునే రెండో చేత్తో పెల్లెట్ పెట్టాలట. పట్టు జారి అది వెనక్కి కొట్టుకుంటే వేలు నలిగిపోతుంది. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేలిస్తే లోపలి పిస్టన్ పాడవుతుంది. ప్రెషర్ కుక్కర్ మూత తీయడానికి మనం ఎన్ని జాగ్రత్తలు పిల్లలకి చెబుతామో, సరిగ్గా అలాగే చెప్పారాయన. నాకు భయం సగం తగ్గింది. ఎందుకంటే అర్థం కాని వస్తువు మీద ఉండే భయం వేరు, అర్థమైన వస్తువు మీద ఉండే జాగ్రత్త వేరు.

పది మీటర్ల దూరంలో అట్టముక్క. దాని మీద నల్లటి వలయం మూడు సెంటీమీటర్లు. నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజ కన్నా చిన్నది! మా వాడు మొదటి పది గుండ్లు కొట్టాడు. నాలుగు అట్టకే తగల్లేదు. లీవరు లాగలేక చేతులు వణికిపోయాయి. అప్పుడు మా అమ్మాయి "నేనూ కొట్టనా బాబాయ్" అంది. అది తోడు కోసం వచ్చిన పిల్ల. దాని కోసం ఎవరూ ఏమీ కొనలేదు, నేనూ కొనాలనుకోలేదు. లీవరు రెండు చేతులతో లాగింది, ఊపిరి సగం వదిలి ఆపింది, మెల్లగా నొక్కింది. పదిలో ఏడు నల్ల వలయంలో పడ్డాయి.

మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ ఊపులో మా మరిది నవ్వుతూ "ఏరా, అక్క ముందు పరువు పోయింది కదరా! ఇంక గాజులు తొడుక్కో" అన్నాడు. మా వారు నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ నా నవ్వే.

మర్నాడు పొద్దున్న పాలు పొంగుతుంటే పెరట్లో ఏదో అలికిడి. వెళ్ళి చూస్తే మా వాడు మెట్ల మీద మోకాళ్ళ మీద కూర్చుని, రైఫిల్ పనస చెట్టు వైపు పెట్టి ఉన్నాడు. మిరియాల తీగ పాకిన ఆ చెట్టు కొమ్మ మీద ఒక గోరింక. దాని వెనక మా పక్కింటి వాకిలి. అక్కడ ఐదేళ్ళ పాప పళ్ళు తోముకుంటోంది.

నేను అరవలేదు. అరిస్తే వేలు నొక్కుకుపోతుందేమోనని. "నాన్నా, లీవరు పట్టుకునే వేలు తియ్యి" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు, నోట్లోంచి వచ్చింది. వాడు తిరిగి చూశాడు, కానీ గొట్టం నా వైపు తిప్పలేదు. నేర్చుకున్న పాఠంలో ఆ ఒక్కటైనా మిగిలింది. రైఫిల్ కింద పెట్టి ఏడ్చేశాడు. "ఒక్కటైనా కొట్టి బాబాయికి చూపిద్దామనుకున్నా" అన్నాడు.

రైఫిల్‌నీ, పెల్లెట్ల డబ్బానీ కలిపి బీరువా మీద పెట్టింది నేనే. ఆ తప్పు నాది. కానీ అంతకన్నా పెద్ద తప్పు ఏమిటో మా అత్తగారు చెప్పారు. అంతా చూస్తూ గడప మీద కూర్చున్నారావిడ.

"ఇటుకల పండగ నువ్వు చూశావు గదమ్మా" అన్నారు.

కింద ఊళ్ళ వాళ్ళ కోసం చెబుతాను. చైత్రంలో మా కొండల్లో ఇటుకల పండుగ చేస్తారు. విత్తనాలు దేవత దగ్గర పెట్టి పూజ చేయించి తెచ్చుకుంటారు. మగవాళ్ళు విల్లంబులు, బరిసెలు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఆడవాళ్ళు దారికి కర్ర అడ్డం పెట్టి, పాటలు పాడి, వచ్చేపోయే వాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. వేట దొరక్కుండా వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద బురద, పేడనీళ్ళు పోసి ఎగతాళి చేస్తారు. రాత్రికి అందరూ కలిసి థింసా ఆడతారు. అడవి జంతువుల వేట 1972 చట్టం ప్రకారం నేరం కాబట్టి, అడవికి పోవడం చాలా చోట్ల లాంఛనంగా మిగిలింది. పేడనీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"నాకు పదిహేనేళ్ళప్పుడు మా తమ్ముడి మీద నేనే పోశాను. అందరూ పోస్తారు, నవ్వుకుంటారు. ఐతే నేను అంతటితో ఆపలేదు. పండగ అయిపోయినా ఏడాది పొడుగునా, వంట దగ్గర, సంత దగ్గర, వాణ్ణి 'వట్టి చేతులోడా' అనే పిలిచాను. మరుసటేడు వాడు ఎవరి దగ్గరో నాటు తుపాకీ అడిగి తెచ్చుకున్నాడు. మందు ఎక్కువ కూరాడు. అది ముందుకి పేల్లేదు, వెనక్కి పేలింది. ఎడం కన్ను, రెండు వేళ్ళు పోయాయి." 

ఆవిడ తమ్ముడిని నేను చూశాను. మా పెళ్ళికి వచ్చి ఒంటి కంటితోనే నవ్వుతూ తేనె సీసా ఇచ్చి వెళ్ళాడాయన. కన్ను సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"పండగది తప్పు కాదమ్మా. పండగ ఒక్క రోజే. నోటికి పండగ లేదు, పబ్బం లేదు" అన్నారు మా అత్తగారు.

ఆ మాట నాలో దిగబడిపోయింది. మనం తుపాకీ గురించి మాట్లాడేటప్పుడు ఇనుము గురించే మాట్లాడతాం. తాళాలు, లైసెన్సులు, చట్టాలు. అవి కావాలి. అసలు రైఫిల్‌కైతే 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. 2019లో ఆ చట్టాన్ని సవరించి ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల్ని మూడు నుంచి రెండుకి తగ్గించారు. కానీ పదమూడేళ్ళ పిల్లాడు తెల్లారకుండా లేచి తుపాకీ ఎందుకు తీశాడన్నది ఏ చట్టంలోనూ ఉండదు. అది మన హాల్లో, మన కారులో, మన నవ్వుల్లో ఉంటుంది. "గాజులు తొడుక్కో" అన్నది మాటేగా అనుకుంటాం. ఆ మాట ఒకే దెబ్బకి ఇద్దరికి తగిలింది. ఓడిపోవడమంటే ఆడదానివి కావడమని అబ్బాయికి చెప్పింది. నువ్వు గెలిచినా అది నీ తమ్ముడికి అవమానమే తప్ప నీకు గౌరవం కాదని అమ్మాయికి చెప్పింది. అమ్మాయి ఆ రోజు దారంతా మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాను.

రైఫిల్ తిరిగి ఇచ్చేద్దామని మా వారన్నారు. నేను వద్దన్నాను. ఇచ్చేస్తే వాడికి మిగిలేది ఓటమి ఒక్కటే. అమ్మాయికి మిగిలేది "నీ వల్లే" అన్న చూపు. ఇంట్లో నియమాలు మాత్రం మార్చాను. రైఫిల్ ఒక పెట్టెలో, పెల్లెట్లు వేరే పెట్టెలో, రెండు తాళాలూ నా కొంగున. క్లబ్బులో తప్ప ఎక్కడా కాల్చకూడదు. పక్షి మీద గురి పెడితే ఆ రోజుతో సరి. ఇద్దరు పిల్లలకీ సమానంగా వంతులు. 

ఒక నోటు పుస్తకం కూడా పెట్టాను. ఎన్ని పెల్లెట్లు తీశారు, ఎన్ని కాల్చారు, ఎన్ని తిరిగి పెట్టారు అన్నీ రాయాలి. "పోలీస్ స్టేషనా ఇది" అని మా వాడు గొణిగాడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడి చేసి, తీసుకున్న ఆయుధాల లెక్క అక్కడి పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి వెళ్ళాడని చెబుతారు కదా. అదే చెప్పాను. "అంత వీరుడే లెక్క రాశాడు, నువ్వు రాయలేవా?" మారు మాట్లాడకుండా పెన్ను తీశాడు.

మా మరిదితో కూడా మాట్లాడాను. వదినగా గట్టిగానే. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. వచ్చి అమ్మాయితో "నీకు చెయ్యి బాగా కుదిరిందమ్మా, ఆ రోజే చెప్పాల్సింది" అన్నాడు. దాని మొహం వెలిగిన తీరు చూస్తే, ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళుగా ఎదురు చూసిందో అనిపించింది.

రెండోసారి క్లబ్బుకి వెళ్ళినప్పుడు నేనూ కొట్టాను. మూడే మూడు గుండ్లు. లీవరు లాగినప్పుడు గాజులు గలగలమన్నాయి. రెండు గుండ్లు గోడకి, ఒకటి అట్ట అంచుకి. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు. మా వాడే వచ్చి "అమ్మా, ఊపిరి బిగబట్టకు, సగం వదిలి ఆపు" అని నేర్పాడు. ఆ రోజు వాడి పది గుండ్లూ అట్ట మీదే పడ్డాయి.

మీ ఇళ్ళలో తుపాకీ ఉండకపోవచ్చు. క్రికెట్ బ్యాటు ఉంటుంది, ర్యాంకు కార్డు ఉంటుంది, డ్రైవింగ్ నేర్చుకునే స్కూటీ ఉంటుంది. వట్టి చేతులతో ఇంటికొచ్చే పిల్లలు అందరి ఇళ్ళలోనూ ఉంటారు. వాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టేసరికి మన చేతిలో మంచినీళ్ళ చెంబు ఉందా, పేడనీళ్ళ చెంబు ఉందా అన్నది ఒకసారి చూసుకోండి. నేనైతే ఆ ఆదివారం చూసుకోలేదు. ఇప్పుడు రోజూ చూసుకుంటున్నాను.