మంచు మీద ఇల్లు

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రంలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయం చేరుకుంటాడు. చూడదగినవన్నీ చూస్తాడు. మిట్టమధ్యాహ్నమయ్యేసరికి ఇల్లు గుర్తుకు వస్తుంది. బయలుదేరబోతే కాలు కదలదు. పాదాలకున్న లేపం మంచునీటికి కరిగిపోయింది. ఆ క్షణాన అతనిని బాధించినది చలి కాదు. ఇంట ఎదురుచూసే వృద్ధులైన తల్లిదండ్రులు, వేళ తప్పుతున్న అగ్నిహోత్రం, ఇవే అతని దిగులు. చివరకు అగ్నిదేవుని ప్రార్థించి ఆ గృహస్థు ఇల్లు చేరుతాడు. మన కావ్యాలలో మంచు చాలావరకు ఇటువంటిదే. అది చూసి రావలసిన చోటే గాని, కాపురముండవలసిన చోటు కాదు.

అయితే మంచులోనే పుట్టి, మంచులోనే పెరిగి, ఇల్లన్న మాట వినగానే మంచునే తలచుకొనే జనులు ప్రపంచంలో ఉన్నారు. రష్యా దేశపు తూర్పు సైబీరియాలో, లేనా నది ఎడమ గట్టున ఉన్న యాకూత్స్క్ నగరవాసులు అటువంటివారు. 1632లో ఒక చిన్న కోటగా మొదలైన ఈ ఊరు నేడు సఖా గణతంత్రానికి రాజధాని. ఆ గణతంత్రపు వైశాల్యం సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మన భారతదేశమంత. అంతటి నేల మీద జనాభా మాత్రం పది లక్షలు. అందులో మూడు లక్షల మందికి పైగా ఈ ఒక్క నగరంలోనే ఉంటారు. జనవరి నెలలో ఇక్కడి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 38 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. 1891లో ఒకసారి అది మైనస్ 64 డిగ్రీలకు పడిపోయింది.

ఈ అంకెలే యాకూత్స్క్‌కు కీర్తి తెచ్చాయి. ఈ అంకెలే దానికి అన్యాయమూ చేశాయి. దూరదేశాల నుండి వచ్చేవారు ఉష్ణమాపకం పట్టుకొని వస్తారు. మరిగే నీటిని గాలిలోకి చిమ్ముతారు. అది పొగలా విడిపోవడాన్ని చిత్రీకరించుకొని వెళ్ళిపోతారు. ఆ నీరు కాగిన ఇల్లు ఆ నేల మీద ఎలా నిలిచి ఉన్నదని అడిగేవారు తక్కువ. అక్కడి వారిని వీరులుగానో, అభాగ్యులుగానో వర్ణించడం పరిపాటి అయింది. రెండూ సరికావు. వారు గృహస్థులు. చలి వారికి శత్రువు కాదు. ఇంటిలోని పెద్దవారి వంటిది. దాని స్వభావమెరిగి నడుచుకుంటే ఇల్లు సాగిపోతుంది.

తండ్రి, తల్లి, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్న ఒక సాధారణ సఖా కుటుంబాన్ని ఊహించుకుందాం. డిసెంబరు మాసం. సూర్యుడు ఉదయం పదింటికి గాని కనిపించడు. మధ్యాహ్నం మూడు కాకమునుపే సెలవు తీసుకుంటాడు. కనుక పిల్లలు బడికి వెళ్ళేది చీకటిలోనే. పొద్దున లేవగానే అందరూ చూసేది ఉష్ణోగ్రతను. మైనస్ 45 డిగ్రీల ప్రాంతానికి వచ్చిందంటే చిన్న తరగతులకు సెలవు. ఇంకా దిగితే పెద్ద తరగతులకూ సెలవే. మన పిల్లలు వాన కోసం ఆకాశం వంక చూసినట్లే వారు ఆ అంకె వంక చూస్తారు. సెలవు లేకపోతే తల్లికి పని మొదలవుతుంది. చిన్నవాడికి ఒకదానిపై ఒకటిగా ఉన్ని బట్టలు తొడగాలి. రెయిన్‌డీర్ కాలి చర్మంతో కుట్టిన బూట్లు వేయాలి. ముక్కు, చెంపలు కప్పుతూ శాలువా చుట్టాలి. కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. కొద్ది నిమిషాలలో కనురెప్పల మీద కూడా తెల్లని మంచు పేరుకుంటుంది. లోహపు చట్రమున్న కళ్ళజోడు అక్కడ ప్రమాదం. అది చర్మానికి అంటుకుపోతుంది.

వీధిలో పొగమంచు దట్టంగా పరచుకొని ఉంటుంది. అది ఆకాశం నుండి దిగినది కాదు. మనుషుల ఊపిరి, వాహనాల పొగ, ఇళ్ళ ఆవిరి పైకి పోలేక అక్కడే గడ్డకట్టి వేలాడుతుంది. తండ్రి కారును రాత్రంతా వెచ్చని కొట్టంలో ఉంచాలి. ఆ వసతి లేనివారు ఇంజను ఆపకుండానైనా ఉంచుతారు, దుప్పటి కప్పియైనా ఉంచుతారు. మైనస్ 50 దాటిన నిశ్శబ్దంలో మనిషి విడిచిన ఊపిరి గడ్డకట్టి సన్నని చప్పుడు చేస్తుంది. దానిని అక్కడివారు 'నక్షత్రాల గుసగుస' అంటారు. పేరు పెట్టిన తీరు చూస్తే వారికి చలితో ఉన్నది వైరం కాదని తెలుస్తుంది.

నాయనమ్మకు శీతకాలం కొరత కాలం కాదు. నవంబరు వచ్చి చలి నిలకడగా కుదిరితే ఏడాదికి కావలసిన మాంసం పల్లె నుండి బంధువులు పంపుతారు. దాన్ని దాచడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఇంటి బాల్కనీ చాలు. సంతలో చేపలు కట్టెల వలె నిటారుగా నిలబడి ఉంటాయి. పాలు పళ్ళెం ఆకారంలో గడ్డలుగా అమ్ముతారు. గడ్డకట్టిన పచ్చి చేపను పలుచని పొరలుగా చెక్కి, ఉప్పు, మిరియాలు అద్దుకొని తినడం వారికి పండుగ భోజనం. ఉతికిన బట్టలు ఆరుబయటే తీగ మీద వేస్తారు. అవి మొదట రేకులవలె బిగుసుకుంటాయి. ఆ మంచు నీరు కాకుండానే గాలిలో కలిసిపోతుంది. దులిపి లోపలికి తెస్తే సరి. పల్లెలలోని తాగునీటి పద్ధతి మరీ చక్కనిది. శీతకాలపు ఆరంభంలో చెరువు మీది మంచును పలకలుగా కోసి వరుసగా పేర్చుకుంటారు. కావలసినప్పుడు ఒక పలకను లోపలికి తెచ్చి కరిగించుకుంటారు. వేసవికి కావలసినవి నేల మాళిగలో దాస్తారు. దానిని వారి భాషలో 'బులూస్' అంటారు. గడ్డకట్టిన నేలను తవ్వి చేసిన ఆ మాళిగ ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటుంది.

మరొక ఆచారం చెప్పుకోదగినది. సఖా ప్రజలు అగ్నిని ఇంటి దేవతగా భావిస్తారు. శుభకార్యాలలో తొలి ముద్దను నిప్పుకే సమర్పిస్తారు. ప్రవరుడు ఆ ఇంటికి అతిథిగా వెళ్ళి ఉంటే అపరిచితుడిననుకొనేవాడు కాడు.

ఇంతవరకు చెప్పినది ఇంటి లోపలి సంగతి. అసలు విశేషం ఇంటి కింద ఉన్నది. యాకూత్స్క్‌లో నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. పర్మాఫ్రాస్ట్ అని శాస్త్రజ్ఞులు పిలిచేది దీనినే. వేసవిలో పైపైన ఒకటి రెండు మీటర్లు మాత్రం కరుగుతుంది; ఆ కిందిది కరగదు. 1828లో షెర్గిన్ అనే ఉద్యోగి నీటి కోసం అక్కడ బావి తవ్వించడం ఆరంభించాడు. దాదాపు పదేళ్ళు తవ్వారు. 116 మీటర్ల లోతుకు పోయినా నీరు పడలేదు, గడ్డకట్టిన నేలే తగిలింది. నీటి కోసం చేసిన ప్రయత్నం వృథా అయినా విజ్ఞానానికి మేలు చేసింది. కొన్నేళ్ళకు మిడ్డెన్‌డార్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు అదే బావిలో వేర్వేరు లోతుల వద్ద ఉష్ణోగ్రతను కొలిచాడు. ఈ నేలను గురించిన శాస్త్రానికి అది తొలి మెట్లలో ఒకటి. 1960 నుండి ఈ అధ్యయనం కోసమే ఆ నగరంలో ఒక పరిశోధన సంస్థ ఉన్నది.

అటువంటి నేల గడ్డకట్టి ఉన్నంతకాలం రాయి వంటిది. కరిగితే బురద. ఇంటిలోని వెచ్చదనం నేలకు సోకితే ఆ ఇల్లే కుంగిపోతుంది. అందుకని ఇంటిని నేలకు తాకనివ్వరు. లోతుగా కాంక్రీటు స్తంభాలు దించి, నేలకు ఒకటి రెండు మీటర్ల ఎత్తున భవనం కడతారు. ఆ ఖాళీలో శీతకాలపు గాలి తిరుగుతూ నేలను చల్లగా ఉంచుతుంది. ఇళ్ళను వెచ్చబెట్టే వేడినీటి గొట్టాలు సైతం భూమిలో పాతరు. నేల మీదుగానే పోతాయి. వీధి అడ్డం వచ్చినచోట తోరణంలా పైకి లేచి దాటుతాయి. లోపల పిల్లలు చొక్కాలతో తిరిగేటంతటి వెచ్చదనం. రెండు మూడు తలుపులకు ఆవల మైనస్ 40 డిగ్రీలు. ఇంటి కింద చలి. ఆ మూడింటి మధ్య పొత్తు కుదిరితేనే కాపురం. మనం పునాది అంటే రాయి, సున్నం, సిమెంటు అనుకుంటాము. వారి పునాది చలి.

నదితో కూడా వారికి ఇటువంటి ఒప్పందమే ఉన్నది. రహదారులు, రైలుమార్గం లేనా నది కుడిగట్టున ఉన్నాయి. ప్రయాణికుల రైలు 2019లో అవతలి గట్టు దాకా వచ్చింది. నది మీద వంతెన పని ఇటీవలనే మొదలైంది. అది పూర్తయ్యేవరకు వేసవిలో పడవలు, శీతకాలంలో గడ్డకట్టిన నది మీదే బాట. చలి బాగా ఉంటే నదిపై లారీలు నడుస్తాయి. గట్టిగా బిగియని అక్టోబరు, నవంబరు రోజులలోను, మంచు పగిలే మే నెలలోను రాకపోకలు కష్టమవుతాయి. కూరగాయల ధరలు పెరుగుతాయి. అంటే ఆ కుటుంబాన్ని ఇబ్బంది పెట్టేది గట్టి చలి కాదు, చలి కుదరని కాలం.

ఆ కాలం ఇప్పుడు పెరుగుతున్నది. ఉత్తర ధ్రువ ప్రాంతం మిగిలిన ప్రపంచం కంటే వేగంగా వేడెక్కుతున్నదని శాస్త్రజ్ఞుల కొలతలు చెబుతున్నాయి. ఒకప్పుడు మైనస్ 67 డిగ్రీలు నమోదైన వెర్ఖొయాన్స్క్ పట్టణం అదే గణతంత్రంలో ఉన్నది. 2020 జూన్ 20న అక్కడ 38 డిగ్రీల ఎండ కాసింది. 2021 వేసవిలో అడవులు తగలబడి యాకూత్స్క్ వీధులను పొగ కమ్మింది. ఆ ప్రాంతపు పొగ ఉత్తర ధ్రువం దాకా పోయింది. చురాప్చా అనే ఊరిలో పాత విమానాశ్రయపు మైదానం గుట్టలు గుంటలుగా మారి పనికిరాకుండా పోయింది. బతగాయ్ అనే చోట 1960ల ప్రాంతంలో చెట్లు నరికినందువల్ల నేలకు నీడ పోయింది. కింది మంచు కరగనారంభించింది. అక్కడ ఏర్పడిన గొయ్యి నేడు కిలోమీటరు పొడవున నోరు తెరుచుకొని ఉన్నది, ఇంకా పెరుగుతున్నది.

"చలి తగ్గితే వారికి మేలే కదా" అని రోహిణీకార్తె ఎండలో కూర్చొని అనుకోవడం సులభం. చదువుకున్నవారు సైతం ఈ మాట అంటుంటారు. ఇది ఇతరుల ఇంటిని మన ఇంటి కొలతతో కొలవడం. పడవ వానికి నీరు ఎంతో వారికి చలి అంత. నీరు ఇంకిపోతే పడవవాడు పాదాలు తడవకుండా నడవగలడు గదా అని సంతోషిస్తామా? పైగా ఆ వేడిలో వారి పాలు ఎంత? పది లక్షల జనం పొయ్యిలు వెలిగించినంత మాత్రాన ధ్రువపు నేల కరగదు. అది ప్రపంచమంతా కాల్చిన బొగ్గు, చమురుల ఫలితం. అందులో మన పాలూ ఉన్నది. ఉత్తరాది ఘనీభూత నేలలలో వాతావరణంలో ఉన్నదానికి సుమారు రెండింతల కార్బన్ నిలిచి ఉన్నదని అంచనా. అందులో కొంత పైకి లేచినా ఆ వేడి మరల మన ముంగిటికే వస్తుంది. మర్యాద కోసం కాకపోయినా, మన ఇంటి కోసమైనా వారి ఇంటిని గురించి ఆలోచించవలసి ఉన్నది.

వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తమ గడ్డకట్టిన నేలను రక్షించుకోవడానికి సఖా గణతంత్రం 2018లో ఒక చట్టమే చేసింది. కొన్ని భవనాల పక్కన నేలలోకి గొట్టాలు దించి, శీతకాలపు చలిని లోపలికి పంపి నేలను మళ్ళీ గట్టిపరుస్తున్నారు. లోకమంతా ఇంటిని వెచ్చబెట్టడానికి ఖర్చు చేస్తుంటే, అతి శీతలమైన ఊరు నేలను చల్లబరచడానికి ఖర్చు చేస్తున్నది.

గోడ పగులు పెరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి దానికి అడ్డంగా కాగితపు పట్టీ అంటించి చూడడం ఇళ్ళు కట్టేవారెరిగిన పాత పద్ధతి. మనం ఊహించుకున్న ఇంటిలో వంటగది మూలన అటువంటి పట్టీ ఒకటి ఉన్నదనుకుందాం. అంటించిన తేదీని తండ్రి దాని మీద పెన్సిలుతో రాశాడు. శీతకాలమంతా ఎవరూ దాని వంక చూడరు. మే నెల వచ్చి నదిలో మంచు పగులుతున్న చప్పుడు వినిపించగానే, నాయనమ్మ ప్రతి ఉదయం టీ కాచే ముందు కళ్ళజోడు పెట్టుకొని ఆ కాగితాన్ని ఒకసారి చూస్తుంది.