సంజీవకం అంటే సంజీవని కాదు

పత్తిలో పూత, గూడ రాలుతుంటే మన మాండవి వైపు రైతు కృషి కేంద్రానికి వెళ్లి ‘సంజీవకం’ అడుగుతాడు. మొక్కల హార్మోన్లకు మరాఠీలో ఉన్న మాట అది. తెలుగు ఇంట్లో ఆ మాట వింటే ప్రాణం పోసే సంజీవని గుర్తొస్తుంది. అలాంటి మందు ఇంకో మూత ఎక్కువ పోస్తే ఏం పోతుందిలే అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

మన పిల్లల పాఠంలో ఉన్న ‘వృద్ధి నియంత్రకాలు’ అన్న మాటే సరైనది. ఎరువు మొక్కకు తిండి. ఇవి తిండి కావు, ఎప్పుడు పెరగాలో ఎప్పుడు ఆగాలో చెప్పే కబురు.

మన రాష్ట్రంలోని మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీనే చూడండి. పైన గింజల్లా కనిపించేవే దాని అసలు కాయలు. మనం తినేది ఉబ్బిన పుష్పాసనం. లేత పండు మీది ఆ గింజలను తీసేస్తే పెరుగుదల ఆగిపోతుందని, ఆక్సిన్ పూస్తే మళ్లీ పెరుగుతుందని 1950లో నిట్ష్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అదే మొక్కకు జిబ్బరెల్లిన్ కొడితే పిలక తీగలు ఎక్కువగా సాగుతాయి. నారు అమ్ముకునేవారికి అది లాభం, పండ్లు కోసుకునేవారికి నష్టం.

పత్తిలో గూడ రాలకుండా కొట్టే ఎన్.ఏ.ఏ. కూడా ఆక్సిన్ రకమే. దాని మోతాదు 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది. 4.5 శాతం మందు సీసా నుంచి నాలుగున్నర లీటర్ల నీటికి ఒక్క మిల్లీలీటరు చాలు. 15 లీటర్ల పంపుకు మూడున్నర కూడా పట్టదు. కలుపు మందు 2,4-డి చేసేదీ ఆక్సిన్ పనే. పక్క చేనులో కొట్టిన దాని తుంపర గాలికి వచ్చి పడినా పత్తి ఆకులు వికారంగా సన్నబడి వేళ్లలా చీలిపోతాయి.

‘దుకాణంలో మరాఠీ, సీసా మీద ఇంగ్లీషు, ఇక తెలుగు చదువు దేనికి?’ అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. విషయం అర్థమయ్యేది ఇంటి భాషలోనే. అర్థమైనదానికి మరాఠీ పేరు నేర్చుకోవడం పెద్ద పని కాదు. అయితే ఆ పేరు నేర్పాల్సింది మనమే. తోటి ఉపాధ్యాయులు హార్మోన్ల పాఠం చెప్పే రోజు బోర్డు మీద మూడు గళ్లు గీయాలి: తెలుగు పేరు, మరాఠీ పేరు, సీసా మీది పేరు. పీపీఎం లెక్క గణితం పీరియడ్‌లో చేయించాలి. సీసాలు బడికి తేవద్దు, లేబుల్ ఫోటో చాలు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లల చేత మందు కలిపించకండి, కొట్టించకండి. కానీ పంపు నింపే ముందు ఆ లెక్క ఒకసారి వాళ్లచేత వేయించండి.