సర్టిఫికెట్ల లెక్క చాలు, నోటుపుస్తకాలు చూడండి

'నిష్ఠ' ప్రస్తావన వచ్చినప్పుడల్లా కేంద్ర విద్యాశాఖ ఒకే మాట చెబుతోంది: ఇది ప్రపంచంలోనే అతిపెద్ద ఉపాధ్యాయ శిక్షణ. 2019 ఆగస్టులో ప్రారంభించిన నాడు 42 లక్షల మంది ఎలిమెంటరీ ఉపాధ్యాయులను లక్ష్యంగా ప్రకటించారు. ఆ తర్వాత దాన్ని 'దీక్షా' ఆన్‌లైన్ వేదిక మీదికి ఎక్కించి, ఇన్ని లక్షల మంది శిక్షణ పూర్తి చేశారంటూ అంకెలు వల్లిస్తున్నారు. ఈ లెక్కను శిక్షణ కింద జమకట్టడం ప్రజలను తప్పుదారి పట్టించడమే.

ఇంతకీ పూర్తయిందేమిటి? వీడియోలు చూశారు, పాఠ్యసామగ్రి పేజీలు తిప్పారు, చివర్లో సరైన జవాబును ఎంచుకునే క్విజ్ రాశారు. ఒక్కో కోర్సు మూడు నాలుగు గంటలు. విజ్ఞానశాస్త్ర బోధనకు ఒక కోర్సు, పరిసరాల విజ్ఞానానికి ఒకటి, భాషలన్నింటికీ కలిపి ఒకటి. పిల్లల చేత సొంతంగా రాయించడమెలా అన్నదానికి విడిగా కోర్సే లేదు.

నాలుగో తరగతి గదిలోకి వెళ్లి చూద్దాం. శనగలు నానబెట్టి తడిగుడ్డలో కట్టారు. పిల్లలు రోజూ విప్పి చూసి, చూసింది రాయాలి. చాలా బడుల్లో జరిగేదేమిటంటే, 'విత్తనం మొలకెత్తడానికి నీరు, గాలి, తగిన ఉష్ణోగ్రత అవసరం' అని టీచరు బోర్డు మీద రాస్తారు, ముప్పై పుస్తకాల్లోకి ఆ ఒక్క వాక్యమే ఎక్కుతుంది. అలా కాక ఒక పిల్ల తన మాటల్లో 'రెండో రోజు శనగ ఉబ్బింది. తెల్ల తోక వచ్చింది. కిందికి వంగింది' అని రాసిందనుకుందాం. ఇప్పుడు టీచరు ఏం చేయాలి? 'తోక'ను ఎర్రసిరాతో కొట్టేసి 'ప్రథమ మూలం' అని దిద్దాలా? లేక 'అన్ని గింజలకూ కిందికే వంగిందా? గింజను తలకిందులుగా పెట్టి చూడు, రేపు ఏమైందో రాయి' అని అడగాలా? సైన్సు పాఠమూ, రాత పాఠమూ ఆ ఒక్క చోటే కలుస్తాయి. టీచరుకు దొరికేది అర నిమిషం. పక్కన ఇంకో ఇరవైతొమ్మిది పుస్తకాలు ఎదురుచూస్తుంటాయి.

ఆ అర నిమిషంలో ఏం చేయాలో ఏ క్విజ్ నేర్పుతుంది? 'పిల్లల ప్రశ్నలను ప్రోత్సహించాలి' అన్నదే సరైన జవాబని ఏ పాఠమూ వినకుండానే ఎవరైనా గుర్తుపడతారు. ఆ జవాబును గుర్తుపట్టడం వేరు, మర్నాడు తరగతిలో ఆ ప్రశ్న అడగగలగడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని దాటించడానికే శిక్షణ. ఆ దూరం ఉందని ఒప్పుకోకుండా సర్టిఫికెట్లు పంచి, వాటిని లెక్కపెట్టి ప్రపంచ రికార్డని చాటడం ఉపాధ్యాయుల తెలివినీ, తల్లిదండ్రుల నమ్మకాన్నీ అవమానించడమే.

ఈ పని ఎలా చేయాలో తెలియని దేశం కాదు మనది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో టీచర్లు వేసవి శిబిరాల్లో ప్రయోగాలను ముందు తామే చేసి చూసేవారు. ఆపైన నెలనెలా కలుసుకుని తరగతిలో ఎదురైన చిక్కులను చర్చించుకునేవారు. 'సవాలీరాం' అనే కల్పిత పాత్రకు పిల్లలు తమ సందేహాలను ఉత్తరాలుగా రాస్తే జవాబులు వచ్చేవి. 1978లో జిల్లా అంతటికీ విస్తరించిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం మూసేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ బ్రిటన్ సాయంతో నడిచిన 'అప్పెప్' ప్రాథమిక విద్యా ప్రాజెక్టు 1989 నుంచి అన్ని జిల్లాలకూ పాకింది. శిక్షణ తర్వాత టీచర్లు ఒకచోట చేరి పని గురించి మాట్లాడుకునే కేంద్రాలను ఏర్పరచింది. నిధుల గడువు తీరాక ఆ ఊపూ తగ్గింది.

ఆన్‌లైన్ శిక్షణ మారుమూల బడికీ చేరుతుందని, ఏకోపాధ్యాయ పాఠశాలల్లో టీచరు కదిలితే బడికి తాళమేనని ప్రభుత్వం అంటే, అందులో నిజముంది. అలాంటి బడులు అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. కానీ అందుకు మందు టీచర్ల నియామకం, ఆన్‌లైన్ కోర్సు కాదు.

పిల్లల చదువును కొలిచే తీరూ ఇలాగే ఉంది. 2024 డిసెంబరులో దేశవ్యాప్తంగా జరిగిన 'పరఖ్' సర్వేలో ఆరో తరగతి పిల్లల సగటు భాషలో 57 శాతం, పరిసరాల విజ్ఞానంలో 49 శాతం. అక్కడా జవాబు ఎంచుకునే ప్రశ్నలే. పిల్లవాడు సొంతంగా నాలుగు వాక్యాలు రాయగలడో లేదో ఆ సర్వే చెప్పదు. టీచర్లను క్విజ్‌తో కొలుస్తున్నారు, పిల్లలనూ క్విజ్‌తోనే కొలుస్తున్నారు. ఇక రాత గురించి అడిగే నాథుడెవరు?

2020 జాతీయ విద్యా విధానం ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాసం ఉండాలంది, అదీ టీచర్ల సొంత ఆసక్తిని బట్టి సాగాలంది. ఆసక్తి మాట పక్కకుపోయి గంటల లెక్కే మిగిలింది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు వెళ్తే యాప్‌ల వివరాలు, పై నుంచి వచ్చిన సూచనలతోనే పూట గడిచిపోతోందని టీచర్లు మొరపెట్టుకుంటున్నారు.

ఆ 50 గంటల్లో సగాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ కాంప్లెక్స్ సమావేశాలకే కేటాయించాలి. ప్రతి టీచరూ తన తరగతి నుంచి అయిదు నోటుపుస్తకాలు తేవాలి, ఆ రోజు యాప్‌ల ప్రస్తావన రాకూడదు. టీచర్లకు శిక్షణనిచ్చే డైట్ కళాశాలల్లో ఖాళీలు నింపి, అక్కడి అధ్యాపకులను నెలకోసారి తరగతి గదుల్లోకి పంపాలి. ఇక 'నిష్ఠ' గురించి కేంద్రం మళ్లీ అంకెలు ప్రకటించేటప్పుడు, శిక్షణ పొందిన టీచర్ల తరగతుల్లో పిల్లలు సొంతంగా రాసిన పేజీలను ఏ జిల్లాలో ఎన్నింటిని పరిశీలించారో, వాటిలో ఏం కనిపించిందో కూడా పార్లమెంటు ముందు పెట్టాలి.